నమీబియా దారిలో పదకొండు గేట్లు

దెయ్యం కథలు చెప్పేవాళ్లను ఆట పట్టించడంలో నాకు మంచి పేరుంది. "వీడియో ఉందా?" అని అడిగి సగం కథలోనే నోరు మూయించేదాన్ని. నేను చేసేది కార్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రికార్డులో లేనిది జరగనట్టే అని నా నమ్మకం. ఇప్పుడు చెప్పేది నేనే కాబట్టి, మీరూ అడగండి. వీడియో ఉంది. ఉండీ లాభం లేకపోయింది.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేనూ శైలజా తొమ్మిదేళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. నాది భీమవరం, తనది నిజామాబాద్. నా పులుసులో బెల్లం ఎక్కువని తను, తన పచ్చడి తింటే చెవుల్లోంచి పొగలొస్తాయని నేను, రోజూ పోట్లాటే. ఆఫ్రికాలో బండి అద్దెకు తీసుకుని రోడ్ల వెంట తిరగాలన్నది తన పిచ్చి. ఏ రోజు ఎన్ని మైళ్లు, డీజిల్ ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ పడుకోవాలి, అన్నీ షీట్‌లో రాసిపెట్టింది. వెళ్లడానికే వీల్లేదు. అమెరికా దాటితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ కావాలి, అది ఆగిపోతే ఉద్యోగం పోతుంది. గ్రీన్ కార్డులు వచ్చాక వెళ్దాం అనుకున్నాం.

నాకు ముందు వచ్చింది. నా గొప్పేం లేదు, మా కంపెనీ ముందు ఫైల్ చేసింది.

"ఇంకొక్క ఏడాది ఆగరాదే. ఇద్దరం కలిసి పోదాం," అంది శైలు.

అప్పటికే మూడేళ్లు ఆగి ఉన్నాను. "నీ కార్డు వచ్చేసరికి మనం ముసలాళ్లం అయిపోతాం. నేను వెళ్లిపోతున్నా," అన్నాను. ఆ వారమే టికెట్ బుక్ చేశాను.

తర్వాత మూడు వారాలు ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోలేదు. నాలుగో వారం శైలు వాళ్ల ఆఫీస్ పార్కింగ్‌లో కుప్పకూలిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్లు. నేను హాస్పిటల్‌కి చేరేసరికి క్షమించమని అడగడానికి కూడా మనిషి లేదు.

టికెట్ క్యాన్సిల్ చేయలేదు. ఎందుకు వెళ్లావని చాలామంది అడిగారు. ఆ ఇంట్లో ఉండలేకపోయాను, అంతే.

నమీబియాలో ఆరో రోజు, షీట్‌లో అన్నిటికంటే పొడుగైన రోజు. రెండు వందల అరవై మైళ్లు, ఎక్కువ భాగం కంకర రోడ్డు. ఆ రోడ్డు పశువుల ఫామ్‌ల మధ్య నుంచి పోతుంది. ఫామ్‌కి ఫామ్‌కి మధ్య అడ్డంగా ఇనుప గేటు. తీసినవాళ్లే మళ్లీ వేయాలి, లేకపోతే పశువులు దాటిపోతాయి. ఇద్దరుంటే పక్కన కూర్చున్నవాళ్లు ఆ పని చూసుకుంటారు. ఒక్కరే అయితే దిగి తీసి, ఎక్కి బండి దాటించి, మళ్లీ దిగి వేసి, మళ్లీ ఎక్కాలి. శైలు షీట్‌లో ఆ రోజుకి ఎదురుగా "డ్రైవింగ్ నువ్వు, గేట్లు నేను" అని ఉంది.

పొద్దున్నుంచి ఎదురొచ్చిన బండ్లు రెండే. ఇద్దరు డ్రైవర్లూ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు ఎత్తారు. ఆ రోజంతా నాకు దొరికిన పలకరింపు అదే. నాలుగో గేటు దగ్గర గొలుసు పట్టుకుని నిలబడి ఏడ్చాను. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

ఏడో గేటు దాటి మూడు మైళ్లు వెళ్లాక గుర్తొచ్చింది, గేటు వేయలేదని. కంగారుగా బండి తిప్పాను. వెళ్లి చూస్తే గేటు వేసి ఉంది. గొలుసు గేటు గుంజకు చుట్టి, కొక్కేనికి తగిలించి ఉంది. ఆ రోడ్డు మీద ఏ బండి వెళ్లినా దుమ్ము చాలాసేపు గాల్లోనే ఉంటుంది. నా బండి దుమ్ము తప్ప వేరే దుమ్ము లేదు.

అలసటలో నేనే వేసి మర్చిపోయానని సర్దిచెప్పుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు కదా. తర్వాత డాష్‌క్యామ్ వీడియో చూశాను. అది బండి ముందు వైపే తీస్తుంది, వెనక ఏం జరిగిందో అందులో పడదు. మిగతా గేట్ల దగ్గర బండి రెండేసి సార్లు ఆగింది. ఏడో గేటు దాటేటప్పుడు ఒక్కసారే ఆగింది. గేటు దాటాక తలుపు తీసిన చప్పుడు లేదు. కాలి గుర్తులు వెతకాలన్న ఆలోచన మాత్రం అక్కడ ఉన్నప్పుడు తట్టలేదు.

మిగతా గేట్లు పైకి "వేశాను" అని చెప్పుకుంటూ మరీ వేశాను. పదకొండోది, ఆఖరిది, ఆ రాత్రి పడుకోవాల్సిన క్యాంప్ ముందరే ఉంది. ఇంకా ఎండ ఉంది. తీశాను, బండి దాటించాను, వేయడానికి దిగాను. అప్పటికే వేసి ఉంది. గాలికి గేటు మూసుకోవచ్చు. కొక్కేనికి గొలుసు గాలి తగిలించదు. ఆ గొలుసు ఇంకా ఊగుతోంది.

క్యాంప్ చూసుకునే పెద్దావిడ వరండాలో కూర్చుని ఇటే చూస్తోంది. నేను వెళ్లి పేరు చెబితే, నా భుజం మీంచి రోడ్డు వైపు చూస్తూ ఇంగ్లిష్‌లో అంది, "గేటు వేసిన అమ్మాయిని వదిలేసి ఒక్కదానివే వచ్చేశావేంటమ్మా?"

నేను ఒక్కదాన్నే అన్నాను. ఆవిడ రిజిస్టర్ చూసింది, మళ్లీ గేటు వైపు చూసింది. తాళంచెవి ఇచ్చింది. ఆ ముఖంలో భయం లేదు, నా మీద కోపం ఉంది. అది నాకు ఇప్పటికీ గుర్తు.

మర్నాడు పొద్దున మొదటి గేటు దగ్గర నేను దిగలేదు. ఇంజిన్ ఆపేసి పక్క తలుపు లాక్ తీశాను. "తొందరేం లేదే శైలూ, ఆగుతాను," అన్నాను. ముప్పావు గంట అలాగే కూర్చున్నాను. గేటు కదల్లేదు. చివరికి నేనే దిగి తీసి, దాటించి, దిగి వేశాను. ఆ రోజు ఉన్న గేట్లన్నీ నేనే వేసుకున్నాను.

ఆ రెండు గేట్లూ ఎవరు వేశారో నాకు తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు. వేసింది శైలే అయితే, మర్నాడు నేను ఆగినప్పుడు ఎందుకు రాలేదో, అది మాత్రం ఎవరినీ అడగలేను.