ఉల్లినారుకు నేను చేసిన సేవ

ఉల్లిపాయ మనుషుల్ని ఏడిపిస్తుందని అందరికీ తెలుసు. ఉల్లిపాయను ఏడిపించిన మనిషిని మాత్రం మీరెప్పుడూ చూసి ఉండరు. ఇదిగో, చూడండి. మూడు కుటుంబాల వాళ్ళు కంటికి రెప్పలా పెంచుకున్న నారుమడిని ఒక్క పూటలో, అదీ ఈల వేసుకుంటూ, తుడిచిపెట్టిన ఘనుణ్ణి నేనే. నవ్వాలనిపిస్తే నవ్వేయండి. మా ఆవిడ ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

సెల్‌ఫోన్‌లో పాము ఆట ఆడుకోవడమే గొప్ప అనుకునే రోజులవి. నేను మణుగూరులో ఒక ఆఫీసులో టైపిస్టును. పుట్టి పెరిగింది ఖమ్మం టౌనులో, అదీ మూడో అంతస్తు కిరాయి ఇంట్లో. మా ఆవిడ సుజాత తల్లాడ దగ్గర రైతుబిడ్డ. పెళ్ళైన ఏడాదికి నెల తప్పింది. అప్పటినుంచి ఆమెకు అన్నం సహించడం మానేసింది. అంగడి నుంచి ఏ కూర తెచ్చినా సంచీ విప్పకముందే ముక్కు మూసుకునేది.

"మందుల వాసనొస్తుంది. నాతోని కాదు, తీసెయ్యండి" అనేది.

మూడో నెలకే చెంపలు లోపలికి పోయాయి. నాకు భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మా కాలనీలో బుట్టల సంగతి తెలిసింది. అడవి అంచున ఒక గూడెంలో ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు కలిసి వ్యవసాయం చేసేవి. ప్రార్థనాపరులు. ట్రాక్టరు పెట్టరు, పురుగుమందు కొట్టరు, ఆదివారం నాడు పొలం గట్టు కూడా ఎక్కరు. సీజను మొదట్లోనే డబ్బు కట్టి వాళ్ళ దగ్గర చేరిపోవాలి. ఆ తర్వాత వానొచ్చినా, పురుగొచ్చినా, వాళ్ళకు ఏది పండితే అందులో మనకో వాటా, వారానికో బుట్ట. ఒకటే షరతు. చేరిన ఇంటి నుంచి ఒకరు సీజనులో ఒక రోజు వచ్చి పొలంలో పని చేయాలి.

నేను చేరిపోయాను. మొదటి బుట్టలోని బీరకాయ కూరతో సుజాత నాలుగు ముద్దలు తింది. ఆ నాలుగు ముద్దలు చూసి నాకు ప్రమోషన్ వచ్చినంత ఆనందమైంది. ఆ ఊపులోనే, "పని రోజు రేపే. నేను పోయొస్తా" అన్నాను.

"మీకు పొలం పని వస్తదా?" అంది అనుమానంగా.

"ఎందుకు రాదు? చిన్నప్పుడు సెలవులన్నీ తిరుమలాయపాలెంలో మా మేనమామ పొలంలోనే గడిపిన."

అది నిజమే. కాకపోతే ఆ సెలవులన్నీ నేను మంచె మీద పడుకునే గడిపాను. అడగని సంగతి ఎందుకు చెప్పడం, మీరే చెప్పండి?

మర్నాడు పొద్దున్నే గూడెం చేరాను. పెద్దాయన యేసురత్నం నా చేతులు పట్టుకుని, "ప్రభువా, ఈ సారు చేతుల్ని దీవించు" అని ప్రార్థన చేశాడు. ఆయన భార్య మరియమ్మ నన్నొక మడి దగ్గర నిలబెట్టింది.

"గడ్డి తియ్యాలె సారూ. ఏది గడ్డో ఎరికేనా? చూపియ్యాల్నా?"

"అక్కర్లేదమ్మా. నేనూ పల్లెటూరోణ్ణే."

ఆమె నమ్మి వెళ్ళిపోయింది. పాపం.

మడి నిండా రెండు రకాలున్నాయి. ఒకటి నిగనిగలాడే బొద్దు ఆకులతో, ఎర్రటి కాడలతో పెళ్ళికూతురిలా ఉంది. రెండోది సన్నగా, పచ్చగా, నాలుగు రోజులు జ్వరం వచ్చి లేచినట్టు పోచలు పోచలుగా ఉంది. ఇందులో ఏది గడ్డో తేల్చడానికి వ్యవసాయ కాలేజీలో చదవాలా? పోచలన్నీ పీకడం మొదలుపెట్టాను. మధ్యలో ఘాటుగా ఉల్లి వాసన తగిలింది. పనిమంతుడికి ఆమ్లెట్ వేస్తున్నారు కాబోలు అనుకుని రెట్టింపు హుషారుగా పీకాను.

రెండు గంటల తర్వాత మరియమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి అట్లాగే నిలబడిపోయింది.

"సారూ... గిదేంది?"

"గడ్డమ్మా. మొత్తం తీసేసిన" అన్నాను నడుం మీద చేతులు పెట్టుకుని.

"అది ఉల్లినారు సారూ. ఇంక ముదరనే లేదు, మూడిండ్లకు అదే నారు."

"మరి ఇవి?" అన్నాను బొద్దు ఆకులను చూపించి.

"అదే గడ్డి."

తిడుతుందేమోనని తల దించుకున్నాను. ఆమె చెంబు కింద పెట్టి, "ఓ వదినా! జల్దీ రండి అందరు! నారు ఎండకముందే నాటాలె!" అని కేక వేసింది. మూడిళ్ళ వాళ్ళూ చేతిలో పనులు వదిలి పరిగెత్తుకొచ్చారు. నీళ్ళు పోసేవాళ్ళు పోస్తుంటే, నాటేవాళ్ళు నాటారు. నేనూ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో పోచకు మనసులోనే క్షమాపణ చెప్పుకుంటూ నాటాను. ఒక్కరు కూడా మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

పని అయ్యాక యేసురత్నం మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, మా ఉల్లిని నీ చేతుల్లో పెడుతున్నం. సారు చేతుల్లో మాత్రం మళ్ళ పెట్టం." అందరూ "ఆమెన్" అన్నారు. నేను కొంచెం గట్టిగానే అన్నాను. సగం నారు బతికింది.

వెళ్ళేటప్పుడు మరియమ్మ నా సంచీలో ఒక పెద్ద కట్ట పెట్టింది. "మీరు పీకకుండ కాపాడిన గడ్డి సారూ. మీ ఇంట్ల అమ్మగారికియ్యండి" అని అప్పుడు నవ్వింది. ఆ నవ్వుతో నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పేశాను. సుజాత నవ్వలేదు. కట్ట విప్పి, ఒక ఆకు తుంచి వాసన చూసింది.

"ఇది గంగవాయిల కూర. మా అమ్మ పప్పులో వేస్తది. దీని మీదనే మనసు పోతుండె, కాని ఎవరూ అమ్మరు, నేనెట్ల అడగాలె?"

ఆ రాత్రి ఆ పప్పుతో రెండోసారి అన్నం పెట్టించుకుంది. తింటూ తింటూ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత, "ఉల్లినారు పీకిండ్రా మీరు?" అని మొదలుపెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. మూడు నెలల తర్వాత అదే మొదటిసారి నవ్వడం.

అయినా తప్పు తప్పే. అందుకే పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నాటినవాళ్ళను అడగకుండా ఈ జన్మలో దేన్నీ పీకను. చెవి పక్కన తెల్లవెంట్రుక కనిపించినా సరే, సుజాతను పిలిచి, "ఇది ఉంచేదా, తీసేదా?" అని అడిగాకే చేయి వేస్తున్నాను.