బోణీ నలభై

గంగాదేవి ఏడాదిలో పదకొండు నెలలు చేపలు అమ్ముతుంది, పన్నెండు నెలలు అన్నం తింటుంది. ఆమె అప్పులన్నీ ఆ ఒక్క నెల తేడాలోంచే పుట్టాయి. ఆ నెల పేరు కార్తీకం.

గవర్నర్‌పేటలో ఒక సందు మొదట్లో, ఎప్పుడో మూసేసిన టైలరు షాపు అరుగు ముందు రెండు బేసిన్లు, ఒక ఐసు పెట్టె, ఒక కత్తిపీట, పైన నీలం పట్టా. పదహారేళ్లుగా అదే ఆమె దుకాణం. పుట్టిల్లు బందరు పక్కన సముద్రం ఒడ్డు. పెళ్లయిన కొన్నాళ్లకు మొగుడు పెద్దబ్బాయితో కలిసి బెజవాడ వచ్చేసింది. పేరుకు పెద్దబ్బాయేగానీ ఆయనకు యాభై మూడేళ్లు. చేపల మార్కెట్లో లారీల నుంచి పెట్టెలు దించుతాడు, నడుం బాగున్న రోజుల్లో. ఆ నడుం వారానికి మూడు రోజులు బాగుంటుంది.

సోమవారం శివుడిది, గురువారం బాబాది, శనివారం వెంకటేశ్వరస్వామిది. ఆ మూడు రోజులూ సందులో సగం ఇళ్లు చేప ముట్టవు. మిగతా నాలుగు రోజుల బేరంతోనే వారమంతా గడవాలి. దేవుళ్ల మీద గంగాదేవికి కోపమేమీ లేదు, తనూ శనివారం ఒంటిపూటే తింటుంది. చిక్కల్లా ఫైనాన్సు మణికుమార్‌తో వచ్చింది. అతనికి ఏడు రోజులూ ఒకటే.

మణికుమార్ మంచివాడే. బండి దిగకుండానే "అక్కా" అని పిలుస్తాడు, గట్టిగా ఒక మాట అనడు. పదివేలని కార్డు మీద రాస్తాడు, పదిహేను వందలు ముందే కోసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతాడు. అక్కడినుంచి రోజుకో వంద చొప్పున వంద రోజులు. కార్తీకంలో బేరాలుండవు కాబట్టి ఇంటద్దెకూ తిండికీ ఒక కార్డు. దాన్ని కడుతూ కడుతూ చేపలకు పెట్టుబడి చాలక రెండో కార్డు. రెండోది తీరేసరికి పెద్దబ్బాయి నడుమో, ఐసు పెట్టె పగుళ్లో వచ్చి మూడో కార్డు. అంతలో మళ్లీ కార్తీకం వచ్చేస్తుంది. కిలో రెండొందల నలభై అయితే ముప్పావు కిలో ఎంతో తూకం దించేలోపే చెప్పేసే మనిషి, పదహారేళ్లలో ఈ కార్డుల లెక్క మాత్రం ఒక్కసారీ కూడి చూడలేదు. చూస్తే భయమేస్తుందని ఆమెకు తెలుసు.

ఆ ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున్నే ఆ సంగతి రమాసుందరి టీచరమ్మ చెవిన పడింది.

రమాసుందరి లెక్కల టీచరుగా రిటైరయింది. ఆమె భర్త గోపాలకృష్ణగారికి చేప లేనిదే ముద్ద దిగదు. అందుకని చేపలు తినే నాలుగు రోజులూ ఆరున్నరకల్లా స్టీలు గిన్నె పట్టుకుని ఆమే మొదట వచ్చేది. మొదట రావడంలో ఒక సుఖముంది. బోణీ బేరాన్ని చేపలమ్మేవాళ్లు వదులుకోరు. మొదటి మనిషి ఒట్టి చేతులతో వెళ్తే ఆ రోజంతా ఈగలు తోలుకోవడమే అని వాళ్ల నమ్మకం. అంచేత రమాసుందరి ఎంతకడిగితే అంతకే ఇచ్చేది గంగాదేవి. పైగా టీచరమ్మ చెయ్యి చలవ చెయ్యని సందంతా చెప్పుకునేది.

"ఇవాళ్టితో కార్డు అయిపోద్దండి. రేపు మళ్లీ కొత్తది రాయించుకోవాలి," అంది గంగాదేవి శీలావతి చేప పొలుసు గీకుతూ.

"ఎన్నోది?"

"ఎవరు లెక్కెట్టారండీ?"

లెక్కల టీచరు ముందు అనకూడని మాట అది. "నువ్వు రేపు కార్డు తీసుకోకు. నెల రోజులు చేతిలో ఉన్నదాంతోనే సరుకు తెచ్చుకో. రోజూ మధ్యాహ్నం కొట్టు కట్టేశాక మా ఇంటికి రా. ఏ రూపాయి ఎటు పోతోందో రాద్దాం," అందామె.

గంగాదేవి వెళ్లింది. చదువు రాదుగానీ జ్ఞాపకం గట్టిది. ఆమె గుమ్మంలో కూర్చుని చెబుతుంటే టీచరమ్మ పాత క్లాసు నోటుపుస్తకంలో రాసుకునేది. చేపల పెట్టుబడి, ఐసు, ఆటో, టీ, ఫోను రీచార్జి. పెద్దబ్బాయికి ఈ సంగతి తెలిసి బీడీలు సగానికి తగ్గించేశాడు, దొంగ తానేనని తేలుతుందేమోనని.

నెలాఖరున టీచరమ్మ అన్నీ కూడింది. బీడీలు పెద్ద లెక్కేమీ కాదు. ఐసూ ఆటో తప్పేవి కావు. మణికుమార్ కోత ఏడాదికి మూడు కార్డుల మీద నాలుగున్నర వేలు. కానీ దానికంటే పెద్దది ఇంకొకటుంది. ఏడాదికి మూడుసార్లు కాదు, బేరమున్న ప్రతి రోజూ ఉంది. "బోణీ నలభై" అని గంగాదేవి చెప్పినట్టే రాస్తూ పోయిందామె, అర్థమేమిటని అడగకుండా.

"ఈ బోణీ నలభై ఏంటి గంగా? ఏడాదికి ఏడున్నర వేలు పైమాటే. ఎవరికిస్తున్నావ్ ఇది?"

గంగాదేవి చీర కొంగు సర్దుకుంది. గోడ మీది క్యాలెండరు చూసింది. తప్పించుకోవడానికి దారి కనపడలేదు.

"మీకేనండి," అంది.

రెండొందల నలభై రూపాయల చేపను రెండొందలకు బేరమాడి, ఆ గెలుపును రోజూ గోపాలకృష్ణగారికి వర్ణించి చెప్పే రమాసుందరి నోటుపుస్తకం మూసేసింది. లోపల గదిలోంచి గోపాలకృష్ణగారి నవ్వు వినపడింది.

మర్నాడు ఆదివారం. ఆరున్నరకు రమాసుందరి వచ్చి, చేప ఎంచుకుని, రెండొందల నలభై తీసి బేసిను అంచున పెట్టింది. గంగాదేవి ఆ డబ్బు వంక పామును చూసినట్టు చూసింది.

"వద్దండి. మీరు బేరమాడండి."

"ఆడను. సిగ్గేస్తోంది నాకు."

"మీరు బేరమాడకపోతే అది బోణీ కాదండి. చేతి చలవ పోద్ది. నా పొట్ట కొట్టకండి అమ్మగారూ!"

వెనక ఇద్దరు ముగ్గురు మనుషులు చేరి ఈ తిరకాసు బేరం నోరు తెరుచుకుని వింటున్నారు. కొనే ఆమె ఎక్కువిస్తానంటుంది, అమ్మే ఆమె తీసుకోనంటుంది. చివరికి టీచరమ్మే ఒక దారి కనిపెట్టింది. రెండొందలకే బేరమాడింది, ఎప్పటిలాగే గట్టిగా ఆడింది. చేప తీసుకుంది. మిగిలిన నలభై ఇంటికి పట్టుకెళ్లి ఒక బిస్కెట్ల డబ్బాలో వేసింది. "ఇది నీ కార్తీకం డబ్బా. మధ్యలో కార్డులొద్దు. ఆదివారం ఆదివారం నువ్వూ ఒక యాభై తెచ్చి ఇందులో వెయ్యి," అని చెప్పింది. గంగాదేవి నమ్మకం నమ్మకంగానే ఉంది, నలభై నలభైగానే ఉంది.

మార్చి నుంచి అలా సాగింది. పెద్దబ్బాయి కన్ను ఆ డబ్బా మీద పడింది. "ఏమే, ఆ డబ్బులతో నాకో మంచి ఫోను కొనొచ్చుగదా? వీడియోలు చూసుకుంటే నడుం నెప్పి తెలీదంట," అన్నాడు.

"టీచరమ్మగారింట్లో ఉంది. వెళ్లి అడుగు," అంది గంగాదేవి. టీచర్లంటే ఆయనకు రెండో తరగతి నుంచే భయం. అడగలేదు.

భాద్రపదంలో మాత్రం ప్రాణం మీదికి వచ్చింది. మంగళవారం సరుకు బాగా పోయిందని, బుధవారానికి రెట్టింపు తెచ్చింది. పొద్దున్నించీ ఒకటే వాన. సందులో మోకాలి లోతు నీళ్లు, మనిషి లేడు. పెట్టుబడంతా బేసిన్లలో కళ్లు తేలేసి పడుంది. సాయంత్రం నీళ్లు కాస్త తీశాక మణికుమార్ బండి మీదే వచ్చి పట్టా కింద ఆగాడు. "అక్కా, కార్డు రాయనా? ఇప్పుడే ఇచ్చేస్తా," అన్నాడు. జేబులో నోట్లు కనపడుతూనే ఉన్నాయి.

రేపు చెబుతానని అతన్ని పంపేసి గంగాదేవి తడుస్తూ టీచరమ్మ ఇంటికి వెళ్లింది. రమాసుందరి ఒక్క మాట అడగకుండా డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. అది బరువుగా ఉంది. పదహారేళ్లలో తనదంటూ అంత బరువు ఆమె చేతిలోకి ఎప్పుడూ రాలేదు. గుమ్మంలో నిలబడి కాసేపు ఏడ్చింది. "ఇది కార్తీకానికండి," అని మూత తీయకుండానే తిరిగి ఇచ్చేసి వెళ్లిపోయింది.

ఆ రాత్రి మొగుడూ పెళ్లాలు కూర్చుని మిగిలిన చేపలన్నీ చీల్చి ఉప్పు పట్టించారు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మూడు రోజులు డాబా మీద ఎండబెడితే ఇంటి ఓనరు ముక్కు మూసుకుని మూడుసార్లు పైకొచ్చాడు. నాలుగోసారి వచ్చినప్పుడు అరకిలో పట్టుకుపోయాడు. ఎండు చేపలు మెల్లమెల్లగా అమ్ముడయ్యాయి. ఆ డబ్బుతో పై వారం శుక్రవారం సగం సరుకే తెచ్చింది, ఆదివారానికి ముప్పావు. నెలకల్లా మళ్లీ నిండు బేసిన్లు.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం తెల్లవారకముందే సందులోని ఆడవాళ్లు కృష్ణ స్నానానికి ఆటోలెక్కారు. దీపాలు, ఉపవాసాలు, ఉసిరికాయలు. గంగాదేవి బేసిన్లు బోర్లించి, అరుగు కడిగి కూర్చుంది. ఇక ఈ నెలంతా చేపలు అడిగేది వీధి చివరి మెస్సువాళ్లు, నర్సు ఎలిజబెత్ గారు, అంతే. పక్కన డబ్బా ఉంది. అందులో ఏడు వేల నూట నలభై రూపాయలు. టీచరమ్మ రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది, గంగాదేవి ఏడుసార్లు లెక్కపెట్టుకుంది.

పది గంటలకు మణికుమార్ బండి ఆగింది. ఏటా ఇదే రోజున అడగకముందే తెస్తాడు. కొత్త కార్డు మీద పేరు కూడా ముందే రాసుంది.

"వద్దు తమ్ముడూ," అంది గంగాదేవి.

అతనికి అర్థం కాలేదు. "వద్దంటే? రేపు రమ్మంటావా?"

"రేపూ వద్దు."

మణికుమార్ బండి దిగాడు. ఆ సందులో అతను బండి దిగడం అదే మొదటిసారి. "ఏమైందక్కా? నేనేమన్నా పొరపాటు మాట అన్నానా? ఇంకోడి దగ్గర రాయించుకున్నావా? చెప్పు, కోత వెయ్యికి దించుతా."

"నువ్వేం అనలేదయ్యా. ఎవరి దగ్గరా తీసుకోలేదు. అవసరం లేదు, అంతే."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. నవ్వొస్తోంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మణికుమార్ ముఖం చిన్నబోయింది. కార్డు జేబులో పెట్టుకోబోయాడు.

"ఆగు. అది ఇటు చూపించు," అంది గంగాదేవి.

చదువు రాకపోయినా ఆ అక్షరాల వాలు ఆమెకు తెలుసు. ఏ కాగితం మీద తన పేరు చూసినా అది అప్పు కాగితమే అయింది.

"నా పేరు కొట్టెయ్."

"ఎందుకక్కా, కార్డు చించేస్తాలే."

"చించొద్దు. నేను చూస్తుండగా కొట్టెయ్."

మణికుమార్ పెన్ను తీసి పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. గంగాదేవి కార్డు చేతిలోకి తీసుకుని, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ అతనికే ఇచ్చింది.

"ఇంకో గీత గియ్యి తమ్ముడూ," అంది. "ఇంకా కనపడతానే ఉంది."