బొట్టు పెట్టి ఇచ్చిన లింకు

ఈ ఉదయం గోపన్‌పల్లిలోని మా ఫ్లాటులో తువ్వాళ్ళ మూట విప్పగానే గంజి వాసన గుప్పుమంది. మా ఆవిడ తుమ్మి కిటికీ తెరిచింది. నేను మాత్రం మూట మీదికి వంగి ఇంకోసారి పీల్చాను. హఫీజ్‌పేట్‌లో రెండు గదుల దుకాణం, గోడవారగా పేర్చిన దుప్పట్లు, వాటి మధ్య కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చున్న సుగుణక్క, అన్నీ కళ్ళముందుకు వచ్చాయి.

సుగుణక్క నాకు జీతమిచ్చిన మొదటి మనిషి. జగిత్యాల వైపు నేతవాళ్ళ ఇంటి ఆడపడుచు. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చాలా ఏళ్ళు టెస్టింగ్ చేసింది, అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టేది. ఆ ఉద్యోగం వదిలేసి, తన వాళ్ళు నేసిన తువ్వాళ్ళు, దుప్పట్లు ఇంటర్నెట్‌లో అమ్మడం మొదలుపెట్టింది. నేను తెనాలి నుంచి ఇంజనీరింగ్ పట్టా పట్టుకొచ్చి, మాదాపూర్ అంతా కాళ్ళరిగేలా తిరిగి, ఎక్కడా ఉద్యోగం దొరక్క ఆమె వెబ్‌సైటు చూసుకునే పనిలో చేరాను. తీయగా మాట్లాడే మనిషి కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. ఎంత బాగా చేసినా "నడుస్తది" అనేదే తప్ప బాగుందన్న మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. తప్పులు పట్టే ఉద్యోగం మానేసింది గానీ అలవాటు మానలేదు. కొత్త రంగు బట్ట వస్తే ఒక తెల్లగుడ్డతో కలిపి నానబెట్టి, రంగు అంటలేదని చూశాకే అమ్మకానికి పెట్టేది.

అమ్మకాలు పెరగాలంటే అఫిలియేట్ ప్రోగ్రామ్ పెట్టాలని చెప్పింది నేనే. మన సరుకు గురించి నలుగురికీ చెప్పేవాళ్ళకు తలా ఒక లింకు ఇస్తాం. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే చెప్పినవాళ్ళకు కమీషన్. చేరదలచినవాళ్ళు నింపడానికి ఒక పేజీ కూడా తయారుచేశాను. సుగుణక్క దాన్ని చదివి కళ్ళజోడు తీసింది.

"ఫాలోవర్లు ఎంతమంది అని అడుగుతున్నవేంది తమ్మీ? వీళ్ళు చెప్తే కొన్నోళ్ళు మల్ల లిఫ్టుల ఎదురైతరా, గది అడుగు. తెల్లారి మొఖం చూడాల్సినోళ్ళే సక్కగ చెప్తరు."

నాకు ఒళ్ళు మండింది. "అలాంటివాళ్ళు మనకెలా దొరుకుతారండి? ఒక్కొక్కరినీ ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలవాలా ఏంటి?"

"పిలుద్దాం. ఎందుకు పిలువద్దు?" అంది. మర్నాడే కుంకుమ భరిణ తెచ్చింది. నేను వెటకారంగా అన్న మాట నా భుజానికే సంచి తగిలించింది. ఆమె బొట్టు పెడుతుంటే పక్కన తువ్వాళ్ళ సంచితో నిలబడటం నా ఉద్యోగంలో భాగమైంది. మొదటి రోజు తోటి ఇంజనీర్లు ఎవరూ ఎదురుపడకూడదని మొక్కని దేవుడు లేడు.

మొదట వెళ్ళింది బాచుపల్లిలో నాగలక్ష్మి గారింటికి. ఆవిడ తన అపార్ట్‌మెంట్ పిల్లలకు ట్యూషన్ చెప్పి బతికే మనిషి. మా తువ్వాళ్ళు కొని, ఎవరూ అడగకపోయినా చుట్టుపక్కల వాళ్ళకు చెప్పేది. భరిణ మూత తీయగానే ఆవిడ వెనక్కి జరిగింది. "నాకొద్దండి. మావారు పోయారు. పేరంటాలకు నన్నెవరూ పిలవరు," అంది నేలచూపులు చూస్తూ.

"నేను మీ సారును పిలువనీకి రాలేదమ్మా. మిమ్ముల పిలువనీకి వచ్చిన," అంది సుగుణక్క, బొట్టు పెట్టేసి. నాగలక్ష్మి గారు గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి ముఖం కడుక్కుని, బొట్టు మాత్రం చెరగకుండా, కాఫీలతో వచ్చింది.

అలా పిలిచినవాళ్ళు చాలా తక్కువమంది. కానీ వాళ్ళు ఒక మాట చెబితే కొనేవాళ్ళు. బతుకమ్మ పండుగ దగ్గర పడేసరికి ఊపిరాడనంత గిరాకీ. సరిగ్గా అప్పుడే నాగలక్ష్మి గారి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టాం.

"ఎర్ర అంచు తువ్వాళ్ళు రంగు వదిలాయండి. పిల్లల తెల్ల యూనిఫాంలు గులాబీ రంగుకి తిరిగాయి. కమీషన్ కోసం నేనే అంటగట్టానంటున్నారు. లిఫ్టు ఎక్కితే మాటలు ఆపేస్తున్నారండి. ఇద్దరు తల్లులు పిల్లల్ని ట్యూషన్ మానిపించారు."

సుగుణక్క ముఖం పాలిపోయింది. "గిరాకీ తొందరల ఆ మూట ఒక్కటి నానబెట్టకుంట పంపిన," అంది.

"డబ్బు వాపసు ఇస్తామని అందరికీ మెసేజ్ పెడతానండి," అన్నాను.

"పైసలది పెద్ద ఫికర్ కాదు. ఆమె మాట పోయింది గద, అది మెసేజ్ పెడితే వస్తదా? ఆమెను పిలిచింది మనం. సంచి పట్టు."

పాడైన యూనిఫాంలకు బదులు ఇవ్వడానికి దారిలో తెల్ల చొక్కాలు కొన్నది. నాగలక్ష్మి గారిని వెంటబెట్టుకుని, ఆ తువ్వాళ్ళు కొన్న ప్రతి ఇంటి తలుపూ కొట్టింది. "రంగు పోదని నేను చెప్తేనే ఈమె మీకు చెప్పింది. తప్పు నాది. ఈమెను ఏమనకుండ్రి, అనేదుంటే నన్ను అనుండ్రి," అని చెప్పి చేతులు జోడించింది. ఒకావిడ నిజంగానే అంది. "అనక ఏం చేయమంటారండి? బస్సు వచ్చేసింది, వీడేమో గులాబీ చొక్కా వేసుకోనని ఒకటే ఏడుపు!" అంటూ మొదలుపెట్టి కడిగి వదిలిపెట్టింది. నేను ఏ చిన్న తప్పు చేసినా ఇంతెత్తున లేచే సుగుణక్క, తల వంచుకుని అంతా వింది. మధ్యలో నాగలక్ష్మి గారు ఏదో చెప్పబోతే చేయి పట్టి ఆపింది. చివరికి తిట్టినావిడే అలసిపోయి, "లోపలికి రండి నాగలక్ష్మి గారూ, నీళ్ళు తాగుదురు గాని," అంది. మమ్మల్ని పిలవలేదు. సుగుణక్క గుమ్మం బయటే నిలబడి, హమ్మయ్య అనుకున్నట్టు గోడకు ఆనుకుంది.

తిరుగు దారిలో ఆటోలో సుగుణక్క, "టెస్టింగ్ చేసినదాన్ని తమ్మీ నేను," అని కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు ఆమె నాకు ఎంత పెద్ద మనిషిగా కనిపించిందో చెప్పలేను. మానేసిన పిల్లల్లో ఒకడు మళ్ళీ ట్యూషన్‌కు వచ్చాడు. రెండోవాడు రాలేదు. అన్నీ మనం అనుకున్నట్టు సర్దుకోవు.

సుగుణక్క ఇప్పుడు లేదు. ఒక వేసవిలో గుండె ఆగి వెళ్ళిపోయింది. ఆమె వాళ్ళ మగ్గాల సరుకే ఇప్పుడు నేను సొంతంగా దుకాణం పెట్టి అమ్ముతున్నాను. ఈ ఉదయం మూట విప్పాక, ఈ కొత్త దుకాణానికీ అఫిలియేట్ ప్రోగ్రామ్ పెడదామని నేనంటే, మా ఆవిడ, "లింకు ఫోన్లో పంపితే సరిపోదూ? బొట్టు పెట్టి పిలవాలా ఏంటి?" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది. ఈ కథంతా చెప్పాను. ఆవిడ విని, వెళ్ళి కుంకుమ భరిణ తెచ్చింది.

సాయంత్రం బాచుపల్లి వెళ్ళాం. నాగలక్ష్మి గారి జుట్టు నెరిసింది. నా భుజాన సంచి చూసి, "ఇంకా మీరే మోస్తున్నారా? ముందు రంగు సంగతి చెప్పండి," అంది. తువ్వాలుతో కలిపి నానబెట్టిన తెల్లగుడ్డ తీసి చూపించాను. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "నడుస్తది," అంది, అచ్చం సుగుణక్కలాగే.

మా ఆవిడ భరిణ మూత తీసింది. నాగలక్ష్మి గారు కొంగుతో నుదురు తుడుచుకుని, ఒక అడుగు ముందుకు వేసి తల వంచింది.