పెదవుల మధ్య గులాబీ కన్ను

నా చిన్నప్పుడు మధ్యాహ్నమంటే నాకు వణుకు. తక్కిన పిల్లలు చీకటికి జడిసే వయసులో నేను నడినెత్తికి వచ్చే సూర్యుణ్ణి చూసి జడిసేదాన్ని. మా ఊరు దోణిమలై కొండల పాదాన ఉండేది. ఇనుపరాయికి గిరాకీ పుట్టి, రేయింబవళ్ళు తిరిగే లారీలు ఊరినంతటినీ ఎర్రధూళిలో ముంచుతున్న కాలమది. ప్రతిదినమూ మిట్టమధ్యాహ్నం గనిలో ఒక సైరను కూత మోగేది. ఆ వెనువెంటనే రాతిలో దట్టించిన మందు తూటాలు పేలేవి. నేల అదిరి, గూటిలోని గిన్నెలు గలగలలాడి, మిద్దె దూలాల సందులనుంచి మన్ను రాలేది. కొంతసేపటికి దీర్ఘంగా రెండవ కూత మోగితే, కొండమీది మనుషులందరూ క్షేమమని అర్థం. నేను మొదటి కూతకే గొంతు చించుకొని అరిచి మా అవ్వ మంచం కింద దూరేదాన్ని; రెండవ కూత వినిపించేవరకూ బయటికి వచ్చేదాన్ని కాను.

"ఈ పిల్లకు పెండ్లయితే మంచం కిందనే కాపరం పెట్టియ్యాల," అని మా అవ్వ నవ్వేది.

పక్కింటి అక్క మాత్రం నవ్వేది కాదు. వారిది పాత మిషనరీల నాటి క్రైస్తవ కుటుంబం. ఆమె భర్త గనిలో తూటాలకు నిప్పుపెట్టే పనివాడు. ఏ తూటా అయినా పేలకుండా మిగిలిపోతే, దాని దగ్గరికి వెళ్ళి చూడవలసినవాడూ అతడే. ఆమె పెరటినిండా గులాబీలు. ఆదివారపు ఆరాధనకు పూలు అక్కడినుంచే వెళ్ళేవి. పొద్దున్నే ఆకులమీది ఎర్రధూళిని తడిగుడ్డతో, పసిబిడ్డ ముఖం తుడిచినంత మెల్లగా తుడిచేది. అంటు కట్టడం మాత్రం మధ్యాహ్నమే. చల్లని వేళ కడితేనే అంటు బ్రతుకుతుందని నలుగురికీ చెప్పే మనిషి, తాను మాత్రం ఎండ మండే ఆ వేళనే గోడనీడలో కత్తి పట్టుకొని కూర్చునేది. ఆ విపరీతం ఎందుకో నాకు బోధపడేది కాదు.

ఆమె కట్టేది కంటి అంటు. మంచి గులాబీ కొమ్మనుంచి చిగురు పుట్టే కన్నును బెరడుతో సహా చెక్కి తీసి, ముళ్ళగులాబీ కాండానికి గాటుపెట్టి, ఆ బెరడు కింద జొనిపి, అరటినారతో కట్టడం. తీసిన కన్ను గాలికి ఆరితే చచ్చిపోతుంది. అందువల్ల గాటు పెట్టేంతసేపూ ఆమె దానిని తన పెదవుల మధ్య ఇరికించుకొనేది.

మా ఇంటి ముందు కంచెపక్కన ఒక గులాబీ ఉండేది. అవ్వ కాపరానికి వచ్చిన కొత్తలో పుట్టినూరు తెక్కలకోటనుంచి తెచ్చి నాటిన చెట్టు. లారీలకోసం రోడ్డును వెడల్పు చేయడానికి మా కంచెవరకూ సున్నపు గీత గీశారు. మరునాడు ఆ చెట్టును పెళ్ళగిస్తారని తెలిసి అవ్వ అన్నం ముట్టలేదు. అప్పటికే ధూళికీ లారీల తాకిడికీ ఎండిపోగా, దానికి మిగిలిన పచ్చికొమ్మ ఒక్కటే.

"నేను కన్ను తీస్తాలే అవ్వా. పాపను నాతో అంపు," అంది అక్క.

"అది మంచం కింద దూరే యాళ అయితాంది గదమ్మా."

"ఈ పొద్దు దూరేది లేదు. నాకాడ పని ఉండాది దానికి."

ఆ కొమ్మను కోసి తన పెరట్లోకి తెచ్చి చూస్తే, దానికి సజీవమైన కన్ను ఒకటే దొరికింది. దానిని చెక్కి, అలవాటుగా తన నోటివద్దకు తీసుకుపోయి, అక్క నావైపు చూసింది. ఎండ నడినెత్తికి వచ్చింది. నేను అప్పటికే మా ఇంటివైపు అడుగు వేస్తున్నాను.

"నువ్వు పట్టుకో పాపా, పెదాల మధ్య. కొరకొద్దు. నోరు తెరిస్తే మట్లో పడతాది, అవ్వ గులాబి ఇంక ఉండదు. భయమైతే కానీలే, నోరు మాత్రం తెరవొద్దు."

కూత మోగింది. లోపలినుంచి ఎగదన్నుకొచ్చిన అరుపును మూసిన పెదవుల వెనుకనే ఆపాను. నాలుకకు పచ్చిబెరడు వగరూ ఇనుపధూళి రుచీ తగిలాయి. పేలుడుకోసం ఒళ్ళంతా బిగపట్టుకొని నిలిచాను.

పేలుడు రాలేదు.

అంతకు మునుపెన్నడూ ఎరుగని నిశ్శబ్దం ఊరిమీద పరుచుకొంది. గిన్నె కదలలేదు, మన్ను రాలలేదు. అవ్వ పిట్టగోడదాకా వచ్చి, "ఏందమ్మా, పేల్లేదే?" అంది. పేలని తూటా అంటే ఏమిటో, దాని దగ్గరికి ఎవరు నడవాలో, పసిదాన్నైన నాకు కూడా తెలుసు. అక్క ముఖంలో రక్తం ఇంకిపోయింది. "ప్రభువా," అని ఒక్కసారి, ఎవరికీ వినబడకూడదన్నట్లు అంది. తరువాత కత్తి కాండంమీద దిగింది. గాటు తిన్నగా పడింది.

"తడి ఆరలేదు గదా పాపా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె బెరడును ఎత్తుతూ ఉండగా కొండ ఒక్కసారిగా బద్దలైంది. కాళ్ళకింద నేల జారినట్లయింది. నా కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి; పెదవులు మాత్రం విడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆమె వేళ్ళు నా నోటివద్ద ఉన్నాయి. కన్నును అందుకొని, బెరడు కింద జొనిపి, నార చుట్టసాగింది. రెండవ కూత ఇంకా మోగలేదు. ఆ తూటా పేలినప్పుడు అక్క భర్త ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. నార ఒక్కొక్క చుట్టుగా కన్నుకు కిందా పైనా బిగుసుకొంటున్నది.

దీర్ఘంగా రెండవ కూత మోగింది.

అక్క ముడివేసి, లాగి చూసి, అప్పుడు మట్టిలో కూలబడింది. చీరకొంగును నోట్లో కుక్కుకొని, శబ్దం బయటికి పొక్కకుండా, భుజాలు ఎగసిపడేలా ఏడ్చింది. అవ్వ పరుగున వచ్చి ఆమె తలను ఒడిలోకి తీసుకొంది.

సాయంకాలం అతడు ధూళికి ఎర్రబారిన మనిషిగా వచ్చి, "వత్తి నిదానంగా కాలింది అవ్వా. నేను బండ చాటునే ఉంటిని. మీ ఆడోళ్ళకు ఊరికే భయం," అని నవ్వాడు. అక్క చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

మరునాడు మా చెట్టు పోయి, ఆ చోట రోడ్డు పడింది. కొన్ని వారాలకు అక్క పెరట్లో ఆ కన్ను ఉబ్బి, ఎర్రని చిగురు వేసింది. అవ్వ దానిని ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

ఎంతో కాలానికిగాని ఆ మధ్యాహ్నపు అంటు రహస్యం నాకు తట్టలేదు. ప్రతిదినమూ ఆ రెండు కూతల నడుమ ఆమె తన పెదవులకు ఒక పని కల్పించుకొనేది. చేతికి వణకరాని పనీ, నోటికి తెరవరాని కారణమూ. ఆమెలో నేను ధైర్యమనుకొన్నది నాలాంటి భయమే. భయం తక్కిన దినాలన్నిటికన్నా ఎక్కువగా పొంచి ఉన్న ఆ ఒక్కనాడు, ఆమె తన నోటికి పోవలసిన కన్నును నా నోట పెట్టింది.

ఇన్నేళ్ళలో నా భయం పోలేదు. ఆసుపత్రి తలుపుల ముందు, అర్ధాంతరంగా ఆగిన మాటల ముందు, ఇప్పటికీ మంచం కిందికి దూరాలనిపిస్తుంది. అప్పుడు పెదవులు వాటంతటవే మూసుకొంటాయి. నాలుకపై ఆ వగరు, ఆ ఇనుము. పక్కన నాకన్న చిన్నవారెవరైనా వణుకుతూ కనబడితే, వారి చేతికి ఏ పని ఇవ్వగలనా అని నా కళ్ళు వెతుకుతాయి.