రెండుసార్లు వేయించాలి

నా భార్య పోయిన వారం మంగళవారం మధ్యాహ్నం చనిపోయింది. ఆ రోజు పొద్దున ఆస్పత్రిలో ఆమెకు మెలకువగానే ఉంది. కిటికీ తెర తీయమంది. తీశాను. బయట పార్కింగ్ లాట్, దాని వెనక రోడ్డు. స్కూలు మానేసి వచ్చిన మా అమ్మాయితో, కింద కాఫెటేరియా నుంచి ఫ్రైస్ తెమ్మని చెప్పింది. అంతకు ముందు కొన్ని రోజులుగా ఆమె ఏమీ తినలేదు. నర్సు నా వైపు చూసి సరేనన్నట్టు తల ఊపింది. అమ్మాయి కాగితం పళ్ళెంలో తెచ్చింది. ఆమె ఒక ముక్క తీసుకుని, సగం కొరికి, చాలాసేపు నమిలింది.

"ఒక్కసారే వేయించారు" అంది.

మిగతా సగం నా చేతిలో పెట్టి నిద్రపోయింది. మధ్యాహ్నం ఊపిరి ఆగింది. జరిగింది ఇంతే.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆదివారం మన న్యూజెర్సీ తెలుగువాళ్ళు హైస్కూల్ హాల్లో సంతాప సభ పెట్టారు. ముందు వరసలో కూర్చుని విన్నాను. అక్కడ వాళ్ళు వర్ణించిన మనిషిని నేను ఎరగను. ఆమె బయటి మెతుకు ముట్టలేదట. తన కోసమంటూ ఏదీ కోరలేదట. భగవన్నామం తలుచుకుంటూ కన్ను మూసిందట. తర్వాత ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది అన్నారు. నలభై నాలుగేళ్ళకు పోవడం అదృష్టమట. నాకంటే ముందు పోవడం ఆమె సాధించిన ఘనతట. అన్నవాళ్ళు మంచివాళ్ళే. వారం రోజులుగా మా ఇంటికి అన్నం పంపుతున్నది వాళ్ళే. అయినా చెబుతున్నాను, ఆ మాట నా ముందు మళ్ళీ అనకండి.

ఆమె దీపం పెట్టేది. రోజూ పెట్టేది. పెట్టి, దాని ముందే నిలబడి కాఫీ తాగేది. "ఆయనకి వెలుగు, నాకు కాఫీ" అనేది. మీ ఇళ్ళకు భోజనానికి వస్తే మొదటి ముద్ద కళ్ళు మూసుకుని తిని, నేరుగా వంటింట్లోకి వెళ్ళి పోపులో ఏం వేశారో అడిగేది. కోరలేదా? ఆమె కోరినన్ని కోరికలు నేను ఎవరిలోనూ చూడలేదు. వాటిలో చాలావరకు తినేవే.

భగవన్నామం సంగతి చెప్పింది ఆమె పెదనాన్న కొడుకు. ఆయన బ్రసెల్స్‌లో ఇంజనీరు. అంత్యక్రియలకు వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఆఖరి రోజు ఆయన ఇక్కడ లేరు. అయినా మైకు ముందు అన్నీ చూసినట్టే చెప్పారు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆమె ఎలాంటిదో ఆయనకు నాకంటే తక్కువ తెలియదు. బ్రసెల్స్‌లో ఆమె ఫ్రైస్ తిన్న రోజు పక్కన ఆయనా ఉన్నారు.

ఎనిమిదేళ్ళ కిందట, ఎనభయ్యో సంవత్సరం వేసవిలో ఇండియా వెళ్తూ దారిలో ఆయన దగ్గర ఆగాం. మా అమ్మాయి అప్పటికి చిన్నది. ఊరు చూపిస్తానని పొద్దున్నే బయల్దేరదీశారు. నా భార్య చీర మీద నల్ల కోటు, కాళ్ళకు కాన్వాస్ బూట్లు. ఊరు చూడడమంటే ఆ ఊరు ఏం తింటుందో చూడడం అనేది ఆమె సిద్ధాంతం. పెద్ద చౌకులో బంగారు పూత పూసిన పాత మేడల ముందు నేను తల ఎత్తి నిలబడితే, ఆమె వాఫుల్ వాసన పట్టుకుని సందులోకి వెళ్ళిపోయింది. తెచ్చుకున్న వాఫుల్ మీది పంచదార పొడి గాలికి లేచి కోటంతా తెల్లబడింది. దులుపుకోలేదు.

ఆ ఊళ్ళో పేరుపడ్డ బొమ్మ ఒకటి ఉంది. నిలబడి ఉచ్చ పోస్తున్న పిల్లవాడు. మూరెడు ఉంటాడు. చుట్టూ ఫొటోలు తీసుకునే జనం.

"దీనికోసం ఇంత దూరం రావాలా అన్నయ్యా? మన వీధిలో లేరూ?" అంది.

"ఇది కంచు విగ్రహమే అమ్మాయ్."

"అదే. మనవాళ్ళు ఒరిజినల్."

వాన మొదలయ్యే ముందు ఒక బండి దగ్గర ఆగాం. బంగాళదుంప వేలెడు లావు ముక్కలు కోసి, వేయించి, కాగితం పొట్లంలో పోసి, పైన గుడ్డు సాస్ వేసి ఇస్తున్నాడు. గుడ్డు విషయం ఆయన ముందే చెప్పారు కనక సాస్ వద్దన్నాం. ఆమె ఒక పొట్లం తిని రెండోది అడిగింది. బండివాడు ఒకసారి వేయించి తీసి, కాసేపు ఆగి, మళ్ళీ నూనెలో వేయడం చూసి, ఎందుకో అడగమంది. మొదటిసారి లోపల ఉడకడానికి, రెండోసారి పైన కరకరలాడడానికి అని వాడు చెబితే ఆయన తెలుగులో చెప్పారు. ఆమె వాడికి దండం పెట్టింది.

రెండో పొట్లం అడుగుకు వచ్చాక ఆయన నవ్వుతూ అన్నారు. "అది నూనె కాదు, గొడ్డు కొవ్వు. ఈ ఊళ్ళో అంతే."

మేం పుట్టు శాకాహారులం. ఆయనా అంతే, అందుకే తను తినలేదు. అమ్మాయి నోట్లోది ఉమ్మేసింది. నేను ఆయన చొక్కా పట్టుకునేవాణ్ణే. నా భార్య ముందు అమ్మాయి మూతి తుడిచింది. పొట్లంలోకి చూసింది. రెండు మూడు ముక్కలు మిగిలాయి. తినలేదు, పారేయనూ లేదు. పొట్లం మడిచి ఆయన కోటు జేబులో పెట్టింది.

"ముందే చెబితే తినకపోదును. ఇప్పుడేమైంది? పాపం నీది, రుచి నాది."

నా వైపు తిరిగి, "మీరు కోపం తర్వాత పడండి, వాన వస్తోంది" అంది.

నేను ఆ కోపం తర్వాత పడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను. ఆమె మాత్రం న్యూజెర్సీ తిరిగి రాగానే మొక్కజొన్న నూనెలో అవే వేయించింది, రెండుసార్లు. "నూనె మంచిదే. ఆ రుచే రాలేదు" అని నన్ను ఉడికించడానికి ప్రతిసారీ అనేది. మీలో చాలామంది మా ఇంట్లో అవి తిన్నారు. ఈ కథ ఆమె నోటితోనే విని నవ్వారు. ఆదివారం ఆ హాల్లో ఒక్కరికీ అది గుర్తు రాలేదు.

రేపు పదో రోజు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టాలి. మాకు కొడుకులు లేరు, కర్మ చేసేది నేనే. ఇవాళ పొద్దున బంగాళదుంపలు కొనుక్కొచ్చాను. బ్రసెల్స్ బావగారు సంచీలోకి చూశారు.

"బావగారూ, ఇవి పనికిరావండి. ఇంగ్లీషు కూర. అరటికాయ గానీ, కంద గానీ..."

"ఆవిడకి ఇష్టం."

"ఇష్టం సంగతి కాదండి, శాస్త్రం ఒప్పుకోదు."

మా అమ్మాయి సింక్ దగ్గర గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "బ్రసెల్స్‌లో శాస్త్రం లేదా మామయ్యా?"

ఆయన కుర్చీలో కూర్చున్నారు.  తర్వాత, "పాపం నాదేనంది బావగారూ. నవ్వుతూనే అంది. జబ్బు అని మీరు ఫోన్ చేసిన రోజు నుంచీ నాకు అదే మాట. నలుగురిలో దాన్ని మడి తప్పని మనిషిని చేస్తే, పైన కూడా అలాగే రాసుకుంటారేమోనని..." అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఓదార్చాలి. దుంపల సంచీ తీసి పక్కన పెట్టాను. జబ్బుకు కొవ్వుతో పని లేదు, ఆ సంగతి ఇంజనీరుకు నేను చెప్పాలా? ఆమె సరదాగా అన్న మాటను ఇన్నాళ్ళు శాపంలా మోసి, ఆ బరువు దించుకోవడానికి ఆమెనే మరో మనిషిని చేశారు. ఆయన మీద జాలి వేసింది. కోపం పోలేదు. రెండూ ఉన్నాయి.

మంత్రాలు చెప్పే ఆయనకు ఫోన్ చేసి దుంపల సంగతి అడిగాను. ఆయన "కర్త మీరు, మీ ఇష్టం" అన్నారు.

"కాకి వస్తుందా నాన్నా?" అని అడిగింది అమ్మాయి. నేను చెప్పేలోపు తనే అంది. "వస్తుంది. స్కూల్ పార్కింగ్ లాట్‌లో చూశాను. అవి ఫ్రైసే ఫస్ట్ తింటాయి."

రేపు ఉదయం స్నానం చేసి దుంపలు కడిగి బల్ల మీద పెడతాను. బావగారి చేతికి చాకు ఇస్తాను. ఆయన తొక్క తీస్తారు. నేను వేలెడు లావు ముక్కలు కోసి, ఒకసారి వేయించి తీసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేయిస్తాను.