గోదాట్లో పోయిన డ్రమ్ముల కుర్రాడు

మా చిన్నప్పుడు... కొత్తపేట దగ్గర మా ఊళ్ళోకి డేరా సినిమా వచ్చిన ఓ సాయంత్రం, మామ్మ వీధి అరుగు మీద కూర్చుని చీపుళ్ళ కోసం కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. నేనూ, మా పెదనాన్నగారి అమ్మాయి అమ్మాజీ అక్కా చెరోపక్కన చేరి సాయం చేస్తున్నాం. పిలవకుండా సాయానికి వచ్చామంటే ఏదో కావాలని మామ్మకు తెలుసు...

వచ్చిన బొమ్మ రాక్ పాటలు వాయించే జులపాల కుర్రాళ్ళ హాస్యకథ. చిక్కల్లా ఒకటే... అది రెండో భాగం. మొదటి భాగం మా ఊరికి రానేలేదు.

"మొదలు తెలీకుండా మధ్యలోంచి చూడ్డమేంటే? హరికథయినా ప్రార్థన దగ్గర్నుంచీ వింటాం గదా," అంది మామ్మ.

అక్క తడుముకోలేదు. మొదటి భాగం వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు అమలాపురంలో చూశానంది. వెళ్ళిన మాట నిజమే. అక్కడున్నన్నాళ్ళూ ఆటలమ్మ పోసి మంచం దిగలేదన్నదీ నిజమే. నేను మాత్రం నోరెత్తలేదు... నాకూ సినిమా కావాలి మరి. అబద్ధమని తేలితే ఆ డేరా ఉన్నన్నాళ్ళూ మాకు వీధి గుమ్మం దాటే యోగం ఉండదు.

మామ్మ కథ చెప్పమంది. అక్క మొదలుపెట్టింది. గిటారు కుర్రాడికి పొగరు, పాడేవాడికి జలుబు... అంతవరకూ బాగానే ఉంది. మామ్మ ముఖంలో చలనం లేకపోయేసరికి అక్కకు కంగారు పుట్టి, డ్రమ్ములు వాయించే కుర్రాణ్ణి వరద గోదాట్లోకి దింపేసింది. కొట్టుకుపోతున్న డ్రమ్ము కోసం దూకేడట... మళ్ళీ తేలలేదట.

మామ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

"తల్లుందా వాడికి?"

"ఆయ్. ఒక్కగానొక్క కొడుకు మామ్మా."

మామ్మ పమిట చెంగుతో కళ్ళొత్తుకుని, మిగిలినవాళ్ళు ఏమయ్యేరో చూడాలి, నేనూ వస్తానంది. మా పైప్రాణాలు పైనే పోయాయి.

నేల టిక్కెట్లో, చాపేసుకుని ముందు కూర్చున్నాం. బొమ్మ పడింది. మొదటి సీనులోనే ఓ లారీ మీదనుంచి డ్రమ్ముతో సహా దొర్లిపడి, దుమ్ము దులుపుకుంటూ లేచాడు... డ్రమ్ముల కుర్రాడు. జనమంతా నవ్వారు. అక్క నా వెనక్కి నక్కింది.

మామ్మ లేచి నిలబడింది. వెనకవాళ్ళు కూర్చోండి మామ్మగారూ అంటున్నా వినలేదు.

"బతికేడే అమ్మాజీ... గోదారమ్మ వదిలిపెట్టేసింది," అంది.

అంతటితో ఊరుకోలేదు. పక్కవాళ్ళకు చెప్పింది, వాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళకు చెప్పారు. ఇక వాడు తెర మీదికి వచ్చినప్పుడల్లా నేలంతా చప్పట్లే. ఆ బొమ్మ మా ఊళ్ళో ఆడినన్నాళ్ళూ ఆ చప్పట్లు ఆగలేదు... జనం మళ్ళీ మళ్ళీ వెళ్ళింది వాడి కోసమే.

కాలవగట్టు మీద ఇంటికి వస్తుంటే మామ్మ వెనక్కి తిరగకుండానే అంది.

"ఈసారి సినిమాకెళ్ళాలంటే తిన్నగా అడగండి. ఎవర్నీ చంపక్కర్లేదు."



మొన్న మా మనవరాలు ఆ మొదటి భాగం ఎక్కడో పట్టుకుని టీవీలో పెట్టింది. చివరిదాకా చూశాను. నీళ్ళు లేవు, వరద లేదు. డ్రమ్ముల కుర్రాడు మూల నిలబడి వాయించి వెళ్ళిపోయాడు. దిండి అనే ఊళ్ళో ఉంటున్న అక్కకు ఫోను చేసి చెబితే, "ఏం బాగుంటుందే, గోదారి లేకుండా?" అంది.

ఇప్పుడు నేనూ మామ్మనే. పిల్లలు ఏదో సినిమా రెండో భాగానికి వెళతామంటే, ముందు మొదటిది చెప్పమన్నాను. "ఫోన్లో ఉంది మామ్మా, చూసేసుకో," అని చేతికిచ్చి వెళ్ళిపోయారు...

అన్నీ వరసలోనే దొరుకుతున్నాయి. అరుగు మీద కూర్చుని కల్పించి చెప్పేవాళ్ళే లేరు.

మీ ఊరికి రాని సినిమాల కథలు మీకు ఎవరు చెప్పేవారండీ? అందులో ఎవర్ని చంపేశారు?