మా మావయ్యకి కసరత్తు ఎవరు నేర్పినట్టు?

రెండు నెలల క్రితం ఓ మధ్యాహ్నం, బల్ల కిందకి దొర్లిన కళ్ళజోడు కోసం నేల మీద కూర్చున్నవాణ్ణి మళ్ళీ లేవలేకపోయాను. అబ్బాయీ కోడలూ కొట్లో ఉన్నారు. మా ఆవిడ నా రెక్క పట్టి లాగబోయి, తూలి నా మీదే పడబోయింది. "బాగానే ఉందండీ సంబడం, ఇద్దరం పడితే లేపేదెవరూ?" అని ఆవిడ నవ్వింది గానీ, నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఆఖరికి అబ్బాయి కొట్లోంచి వచ్చి లేపాడు. కాళ్ళలో కండ తగ్గిందనీ, బలానికి కసరత్తు చెయ్యాలనీ డాక్టరుగారన్నారు. ఈ వయసులో కసరత్తేమిటో బోధపడలేదు గానీ, ఇంకొకరు పట్టుకోకుండా నేల మీంచి లేవాలన్న పంతం మాత్రం పట్టుకుంది.

మా పాలకొల్లులోనే, కొట్టుకి నాలుగంగల్లో ఉన్న జిమ్ముకి వెళితే, గోడ మీద ముగ్గురు కోచ్‌ల ఫొటోలు, కింద వాళ్ళ అర్హతలూ! ఒకాయన మిలటరీలో చేశాడట, ఇంకొకాయన బరువులెత్తి పతకాలు తెచ్చాడట, ఒకమ్మాయి ఫిజియోథెరపీ చదివి, ఆపైన ఏదో కోర్సు కూడా చేసిందట. ఎవరు కావాలండీ అని అడిగితే బిక్కమొహం వేశాను. పిల్లనిచ్చేటప్పుడు కూడా మనం ఇన్ని వివరాలు చూడలేదు కదా!

మన చిన్నప్పుడు గురువు ఎక్కడ నేర్చుకున్నాడని ఎవడడిగాడు? మా మేనమామది రావులపాలెంలో అరటిగెలల కమీషన్ వ్యాపారం. వేసవి సెలవులకి మేం వెళితే, సాయంత్రం గోచీ బిగించి మా పిల్లమూకనంతా వ్యాయామశాలకి తోలుకుపోయి, బక్కవాడికీ బొద్దువాడికీ ఒకటే లెక్కన దండీలూ బస్కీలూ తీయించేవాడు. ఆయనకి ఎవరు నేర్పారో మాత్రం ఎంతకీ తేలేది కాదు. సర్కసులో చేశానని మాతో అనేవాడు. వాడు ఊరు దాటిందెప్పుడురా అని మా అమ్మ బుగ్గలు నొక్కుకునేది. జాతరకొచ్చిన పహిల్వాను నేర్పాడని అత్తయ్య చెప్పేది. ఎవరిని నమ్మాలో తెలియక నేను అందరినీ నమ్మేశాను. ఆయన చేతికింద మా పెద్దన్నయ్య ఆంబోతులా తయారయ్యాడు, అవే బస్కీలు తీసిన చిన్నన్నయ్య మోకాళ్ళు వాచి మంచం పట్టాడు. మావయ్య ఘనుడో, ఏమీ తెలియనివాడో మా ఇంట్లో ఈనాటికీ తేలలేదు.

చివరికి ఆ అమ్మాయి దగ్గరే చేరాను, ఎందుకంటే చెప్పలేను. మొదటిరోజు బరువేదీ ముట్టుకోనివ్వకుండా, "తాతగారూ, ఇన్నేళ్ళూ ఏం పని చేశారండీ?" అని అడిగింది. కొట్లో కూర్చున్నానమ్మా అంటే, అయితే ముందు కుర్చీలోంచి లేవడం నేర్చుకుందాం అంది. ఇదీ ఒక కసరత్తేనా అని తికమకపడుతూనే రోజూ లేచాను, కూర్చున్నాను.

నిన్న మా ఇంటి హాల్లో నేల మీద కూర్చుని, మోకాలు ఆన్చి, చేత్తో నేలని నొక్కి, నా అంతట నేనే లేచాను. లేచి నిలబడ్డాక ఎందుకో మావయ్యే మనసులో మెదిలాడు. అంత బలశాలీ ఆఖరి రోజుల్లో నేల మీంచి లేవలేక చెయ్యి చాపేవాడు. మేనల్లుళ్ళం, ఆయన కొడుకులు, అందరం పరిగెత్తేవాళ్ళం. మాకు లేపడమే తెలుసు, లేవడం నేర్పొచ్చని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు నేర్పేవాళ్ళున్నారు, ఇంటినిండా అన్ని చేతుల్లేవు. ఏది మేలో నాకు నిజంగా తెలియడం లేదు. ఒక్కణ్ణే లేచానన్న సంబరంలో ఉండి కూడా, పక్కన నిలబడ్డ మా ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.